లక్షద్వీప్ ఓడ ప్రయాణం: పగలు దీవి మీద దిగినప్పుడు ఏం చేయాలె? (కవరత్తి, కల్పేని, మినికాయ్)

పాకాల గాలి:
నమస్తే అందరికి. జనవరిల వరంగల్ నుంచి ఆరుగురం లక్షద్వీప్ పోదామనుకుంటున్నం. కొచ్చి నుంచి 5 రోజుల ‘సముద్రం’ ప్యాకేజీ, ఓడ ఎంవీ కవరత్తి. రాత్రి పండుకునుడు ఓడల, పగలు దీవి మీద. మా బాపుకు 68 ఏండ్లు, మోకాళ్ళ నొప్పులు. పిల్లలు ఇద్దరు, 9, 13 ఏండ్లోళ్ళు. నాకు బాయిల ఈత వచ్చు, మిగతా ఎవ్వలకు రాదు. మూడు సంగతులు చెప్పుండ్రి. ఓడ మీదికెల్లి దీవికి ఎట్ల దించుతరు? దీవి మీద ఎన్ని గంటలు దొరుకుతయి? ఏ దీవిల ఏం చేస్తె ఆ పూట దండగ కాదు?

కాజీపేట క్యాబిన్:
గాలి తమ్మీ, మొదటి ప్రశ్ననే అసలుది. అది తెలిస్తె మిగతా రెండు సగం తేలిపోతయి.

లక్షద్వీప్ దీవుల చుట్టూ పగడపు దిబ్బ గోడ లెక్క ఉంటది. పెద్ద ఓడ ఆ గోడ దాటి లోపలికి రాదు, అడుగు తగులుతది. అందుకే బయట లోతు నీళ్ళల్ల నిలబడుతది. దీవి నుంచి మోటరు బోట్లు ఓడ పక్కకు వస్తయి. ఓడ పక్కన కింది భాగంల ఒక తలుపు తెరుస్తరు. మీరు ఆ తలుపుల నుంచి బోటులకు అడుగు వేయాలె. ఓడ పెద్దది, ఎక్కువ ఊగదు. బోటు చిన్నది, అలతోని ఒకసారి మీ మోకాలి ఎత్తుకు లేస్తది, ఇంకోసారి నడుము లోతుకు దిగుతది. ఇబ్బంది అంతా ఇక్కడనే.

పద్ధతి ఇది. లైఫ్ జాకెట్ ఓడలనే కట్టుకుని, బెల్టు బిగించుకోవాలె. రెండు చేతులు ఖాళీగ ఉండాలె. సంచి, ఫోను, పిల్ల ఏదీ చేతిల ఉండద్దు. సామాను వేరేగ అందిస్తరు. బోటు పైకి లేచి మీ కాలి మట్టానికి వచ్చి ఒక్క క్షణం ఆగుతది, అప్పుడు అడుగు వేయాలె. అది దిగుడు మొదలుపెట్టినంక వేస్తె పడుతరు. ఎప్పుడు వేయాలెనో మీరు లెక్కపెట్టుకునే పని లేదు, ఓడ సిబ్బంది ముంజేతులు పట్టుకుని ‘ఇప్పుడు’ అంటరు. అన్నప్పుడు వేయుండ్రి. ఎక్కువ మంది చేసే తప్పు, సిబ్బంది చెప్పినంక ఒక క్షణం ఆలోచించుడు. గంతలనే బోటు కిందికి పోతది. ఇంకో తప్పు, ఒక కాలు ఓడల ఇంకో కాలు బోటుల పెట్టి ఆగుడు. రెండూ ఎడం జరిగితె మనిషి నడుమ వేలాడుతడు.

కాళ్ళకు వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు ఉండాలె. హవాయి చెప్పులు తడి ఇనుము మీద జారుతయి.

మానేరు తీరం:
క్యాబిన్ అన్న చెప్పిన దానికి ఒక మాట కలుపుతున్నాను. ఎంవీ కవరత్తి కేవలం టూరిస్టుల ఓడ కాదు. దీవుల జనానికి అది మన ఆర్టీసీ బస్సులాంటిది. కొచ్చిలో వైద్యం చేయించుకుని వెళ్లేవాళ్ళు, చదువుకునే పిల్లలు, సరుకులు అన్నీ అందులోనే. అందువల్ల దించేటప్పుడు టూరిస్టులు ఒక్కరే ఉండరు. ఓడలో 700 మంది దాకా పడతారు. మీకు బోటు వంతు ఎప్పుడు వస్తుందన్నది ఆ పూట రద్దీ మీద, అల మీద ఆధారపడి ఉంటుంది.

రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచే వస్తుంది. కరపత్రంలో ‘పగలంతా దీవిలో’ అని ఉంటుంది. టిఫిన్ అయ్యాక దించడం మొదలుపెట్టి, చీకటి పడకముందే అందరినీ మళ్ళీ ఓడ ఎక్కిస్తారు. దిగడానికి, ఎక్కడానికి పోయే సమయం తీసేసి, మధ్యాహ్న భోజనం తీసేస్తే, చేతిలో ఉండేది ఐదారు గంటలు. ఆరు పనులు రాసుకుని పోవద్దు. ఒక నీటి పని, ఒక నేల పని. అంతే.

ఇంకో చిన్న సంగతి. లక్షద్వీప్ మనకు పడమర, రేఖాంశంలో 7 డిగ్రీలు అటు. అందుకే అక్కడ పొద్దు వరంగల్ కంటే సుమారు అరగంట ఆలస్యంగా గుంకుతుంది. గడియారం మాత్రం ఒకటే. వెలుతురు చూసి ఇంకా టైం ఉందనుకుంటే ఆఖరి బోటు పోతుంది. గైడు చెప్పిన గంటకు అరగంట ముందే జెట్టీ దగ్గర ఉండండి.

పాకాల గాలి:
మస్తు ఉపయోగపడే మాటలు. అల ఎక్కువుంటె దించరా?

కాజీపేట క్యాబిన్:
దించరు. అది కెప్టెన్ నిర్ణయం, దాని మీద ఎవ్వలూ వాదించరు, వాదించద్దు కూడ. ఒక్కోసారి దీవుల వరుస మారుస్తరు, ఒక్కోసారి ఒక దీవి పోతది. అందుకే ‘మూడో రోజు మినికాయ్‌ల లైట్‌హౌస్ చూస్తం’ అని పిల్లలకు గట్టిగ మాట ఇయ్యద్దు. నైరుతి రుతుపవనాలల్ల, మే నడుమ నుంచి సెప్టెంబరు దాకా, సముద్రం బాగ లేస్తది, అప్పుడు ఈ యాత్రలు ఉండయి. డిసెంబరు నుంచి మార్చి దాకా అల తక్కువ. జనవరి ఎంచుకునుడు మంచిదే.

తిరుగు రైలు ఓడ వచ్చే దినమే బుక్ చేస్తె మాత్రం తప్పు. ఒక్క రాత్రి కొచ్చిల ఉండేటట్టు పెట్టుకోండి. పోయేటప్పుడు కూడ అంతే. కేరళ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌ల ఆగుతది, మర్నాడు సాయంత్రానికి ఎర్నాకుళం చేరుస్తది. కానీ అది ఢిల్లీ నుంచి వచ్చే బండి, జనవరిల అటు పొగమంచుకు గంటలకు గంటలు ఆలస్యమైతది. ఓడ రైలు కోసం ఆగదు. ఒక దినం ముందు చేరుండ్రి.

మందుల చిట్టి, కరీంనగర్:
ఓడలో కడుపులో తిప్పడం గురించి ఎవరూ రాయలేదు, రాస్తున్నాను.

కొచ్చి నుంచి దీవులకు 14 నుంచి 18 గంటలు. కల్పేని, కవరత్తి ఒక గుంపు. మినికాయ్ ఒక్కటే దక్షిణాన దూరంగా ఉంటుంది, నడుమ నైన్ డిగ్రీ చానల్ అనే సుమారు 200 కిలోమీటర్ల వెడల్పు సముద్రం. అది దాటే రాత్రి ఓడ ఎక్కువ ఊగుతుంది. మాత్ర వేసుకోవలసింది ముఖ్యంగా ఆ రాత్రి.

మాత్ర ఎప్పుడూ వాంతి మొదలు కాకముందే వేసుకోవాలి. మొదలయ్యాక మింగింది కడుపులో నిలవదు. ప్రోమెథజిన్ థియోక్లేట్ 25 మిల్లీగ్రాములు (దుకాణంలో అవొమిన్ అంటే ఇస్తారు) ఓడ కదలడానికి గంట, రెండు గంటల ముందు. బాగా నిద్ర వస్తుంది, నోరు ఎండుతుంది. గ్లాకోమా (కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళు, ప్రొస్టేటు వల్ల మూత్రం సరిగా రానివాళ్ళు డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. 68 ఏళ్ల పెద్దాయనకు ఇది తప్పకుండా అడగండి. ఎందుకంటే ఆ మత్తు పొద్దుటి దాకా ఉంటే, క్యాబిన్ గారు చెప్పిన ఆ ఒక్క అడుగు దగ్గర కాలు తడబడుతుంది. పిల్లలకు ఎంత అన్నది వాళ్ళ వయసు చూసి డాక్టరే చెప్పాలి.

పరగడుపున ఉండటం మంచిదని చాలామంది అనుకుంటారు. అది తప్పు, ఖాళీ కడుపే ఎక్కువ తిప్పుతుంది. నూనె తక్కువున్న పొడి తిండి కొంచెం కొంచెంగా తినాలి. జొన్నరొట్టె ముక్క, అటుకులు, పుట్నాలు. సంక్రాంతి రోజులు కదా అని సకినాల డబ్బా పట్టుకుపోయి ఓడ ఊగుతుంటే తింటే మాత్రం నూనె గొంతులోకి వస్తుంది. అవి దీవి మీద తినండి. ఓడలో నడిమి భాగం, కింది అంతస్తు తక్కువ ఊగుతాయి. తిప్పుతున్నట్టు అనిపిస్తే ఫోను పక్కన పెట్టి, డెక్ మీదికి వచ్చి సముద్రం, ఆకాశం కలిసే గీతను చూడాలి. చెవి చెప్పేదీ కన్ను చెప్పేదీ ఒకటైతేనే మెదడు కుదుటపడుతుంది.

నీలి మడుగు, హన్మకొండ:
మూడో ప్రశ్న నాకు వదిలేయండి.

ముందు దీవి ఆకారం తెలియాలి. ఆండ్రోత్ ఒక్కటి తప్ప దాదాపు అన్ని దీవులదీ ఒకటే తీరు. భూమి తూర్పు అంచున సన్నగా, పడమరన పగడపు దిబ్బ లోపల నిశ్చలమైన మడుగు. లగూన్ అనేది దాన్నే. నీళ్ళ పని అంతా పడమటి వైపే. తూర్పు ఒడ్డున దిగితే నాలుగడుగుల్లో నేరుగా లోతు సముద్రం. చూడటానికి బాగుంటుంది, పిల్లల్ని దించే చోటు కాదు. మడుగులో కూడా దిబ్బకు గండి ఉన్న చోటికి, అంటే బోట్లు లోపలికి వచ్చే దారికి, దూరంగా ఉండండి. ఆటు వచ్చినప్పుడు మడుగు నీళ్ళన్నీ ఆ గండిలో నుంచే బయటికి పోతాయి. చెరువు తూము తెరిచినప్పుడు నీళ్ళు ఎలా లాగుతాయో అలాగే.

కల్పేని: నీటి పనికి నా ఓటు దీనికే. మడుగు పెద్దది, అందులోనే తిలక్కం, పిట్టి అనే జనం లేని చిన్న దీవులు. కూమెల్ దగ్గర టూరిస్టుల ఏర్పాట్లు ఉంటాయి, కయాక్‌లు (తెడ్డుతో నడిపే చిన్న పడవలు) కూడా అక్కడే. ఈత రానివాళ్ళు కూడా లైఫ్ జాకెట్‌తో, గైడుతో తేలవచ్చు. తూర్పు, ఆగ్నేయ ఒడ్డున పగడపు బండలు కట్టలాగా పేరుకుని ఉంటాయి. 1847 తుపానులో సముద్రం ఎత్తి పడేసినవి. నీళ్ళ నుంచి వచ్చాక పదిహేను నిమిషాలు అక్కడ నిలబడి చూడండి. మీటరు, రెండు మీటర్ల ఎత్తు నేల మీద మనుషులు ఎలా బతుకుతున్నారో అప్పుడు అర్థమవుతుంది.

కవరత్తి: రాజధాని. ఈత రానివాళ్ళకు, పెద్దవాళ్ళకు ఇదే మేలు. గాజు అడుగు బోటు ఉంటుంది. దాన్ని పొద్దున్నే ఎక్కితే ఎండ వాలుగా పడి గాజు మీద మీ ముఖమే కనపడుతుంది. పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు అడుగు దాకా వెలుతురు పోతుంది. పదకొండు, ఒంటిగంట మధ్య వంతు అడగండి. దగ్గరలో చేపల అక్వేరియం కూడా ఉంది.

మినికాయ్: ఇది వేరే లోకం. మిగతా దీవుల్లో మలయాళం, ఇక్కడ మహల్ అనే మాల్దీవుల భాష. లిపి కుడి నుంచి ఎడమకు రాస్తారు. 1885లో బ్రిటిషు వాళ్ళు కట్టిన లైట్‌హౌస్, ట్యూనా చేపల కర్మాగారం ఉన్నాయి. పదకొండు పల్లెలు, ప్రతి పల్లెకూ ఒక పెద్ద ఉంటారు.

రామప్ప రాయి:
నీలి మడుగు అక్కా, మినికాయ్‌ని గింత తక్కువ చేసి రాస్తె ఎట్ల? లైట్‌హౌస్ దాదాపు 150 అడుగులు. పైకెక్కితె చంద్రవంక లెక్క దీవి, పక్కన మడుగు, దిబ్బ మీద తెల్లటి నురగ గీత, అవతల నల్లటి నీలం, అంతా ఒక్కసారి కనపడుతది. పడమర మడుగు, తూర్పు నేల అని మీరు రాసిన ముచ్చట పిల్లలకు మాటలతోని చెప్తె ఎక్కదు, పైకెల్లి చూపెడితె ఎక్కుతది. నా లెక్కల మినికాయ్‌ల నేల పని ముందు, నీటి పని తర్వాత.

నీలి మడుగు, హన్మకొండ:
ఒప్పుకుంటాను. గుండ్రటి మెట్లు, లోపల ఉక్కపోత, అందుకని దిగిన వెంటనే ఎక్కేయాలి. మధ్యాహ్నం వద్దు. సందర్శకులకు తెరిచే వేళ ముందే గైడుతో కనుక్కోవాలి. బాపు గారు మాత్రం కింద కొబ్బరి నీడలో కూర్చోవాలి, మోకాళ్ళతో ఆ మెట్లు వద్దే వద్దు.

పాకాల గాలి:
సరే అక్కా. స్నార్కెల్ (మాస్క్ పెట్టుకుని, నోట్లె గొట్టంతోని ఊపిరి తీసుకుంట, నీళ్ళ మీద తేలి కింద చూసుడు) గురించి చెప్పుండ్రి. బాయి ఈత పనికొస్తదా?

నీలి మడుగు, హన్మకొండ:
భయం ఉండదు, అంతవరకు పనికొస్తుంది. మూడు అలవాట్లు మాత్రం ఇంట్లోనే వదిలేసి రావాలి.

ఒకటి, దూకడం. బావిలో పది, పదిహేను అడుగుల నీళ్ళుంటాయి. మడుగులో నీళ్ళు తేటగా ఉండి ఎంత లోతో అంచనా దొరకదు. నడుము లోతు నీళ్ళ కింద కత్తిలాంటి పగడం ఉంటుంది. తలకిందులుగా దూకితే మెడ విరుగుతుంది. ఎప్పుడూ నడిచి దిగాలి, లేదా బోటు అంచు మీద కూర్చుని జారాలి.

రెండు, చేతులతో కొట్టడం. ఉప్పు నీళ్ళు బరువు, మనిషి తనంతట తానే తేలతాడు. లైఫ్ జాకెట్ కూడా ఉంటుంది కదా. చేతులు ఒంటికి ఆనించి, తుంటి దగ్గర నుంచి కాళ్ళు మెల్లగా ఆడిస్తే ఫిన్స్ (పాదాలకు తొడిగే రబ్బరు రెక్కలు) మిమ్మల్ని నడిపిస్తాయి. మోకాలు మడిచి సైకిలు తొక్కినట్టు తొక్కితే ముందుకు పోరు, పిక్కలు పట్టేస్తాయి.

మూడు, అలసిపోతే నిలబడటం. పగడం ప్రాణి. మీరు నిలబడిన చోట ఏళ్ళ తరబడి పెరిగింది ఒక్క అడుగుతో విరుగుతుంది. 2024 ఎండాకాలంలో సముద్రం వేడెక్కి లక్షద్వీప్ పగడాలు చాలా చోట్ల తెల్లబోయాయి. లోపల ఉండి తిండి చేసిపెట్టే నాచు వదిలిపోతే అలా అవుతుంది. బతికున్నదాన్నైనా మనం తొక్కకూడదు. అలసిపోతే వెల్లకిలా తిరిగి తేలండి.

మాస్క్ ఎంచుకోవడం ఇలా. పట్టీ తలకు తగిలించకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి లాగండి. చేయి వదిలేసినా అతుక్కునే ఉంటే అది మీ ముఖానికి సరిపోయినట్టు. జారితే ఇంకోటి అడగండి. పట్టీ గట్టిగా బిగిస్తే కారడం ఆగుతుందనుకుంటారు, కానీ బిగిస్తే అంచు వంకరపోయి ఇంకా కారుతుంది. జుట్టు అంచు కింద ఉండకూడదు. మీసాలున్న వాళ్ళకు పై పెదవి దగ్గర నీళ్ళు వస్తాయి, సిలికాన్ మాస్క్ అయితే అక్కడ కొంచెం వాజలిన్ రాస్తే ఆగుతాయి. అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రుద్ది ఒక్కసారి నీళ్ళలో ముంచి తీయాలి. అద్దాలు పెట్టుకునే వాళ్ళు పవరున్న మాస్క్ ముందే కొనుక్కుని పోవాలి.

మొదటి పది నిమిషాలు నడుము లోతులో నిలబడి, ముఖం ఒక్కటే నీళ్ళలో పెట్టి నోటితో ఊపిరి తీయడం సాధన చేయించండి. గొట్టంలోకి నీళ్ళు వస్తే ‘టూ’ అని ఒక్క ఊపులో ఊదాలి. ఈ పది నిమిషాలు ఎగ్గొట్టిన వాళ్ళే లోపలికి వెళ్ళాక ఉప్పు నీళ్ళు మింగి, భయపడి, తిరిగి వచ్చేస్తారు. వాళ్ళ పూట అక్కడితో అయిపోతుంది.

మందుల చిట్టి, కరీంనగర్:
ఎండ గురించి రెండు మాటలు. స్నార్కెల్ చేసేవాళ్ళకు కాలేది వీపు, మెడ వెనక, మోకాళ్ళ వెనక పిక్కలు. నీళ్ళ చల్లదనానికి కాలుతున్నట్టే తెలియదు, రాత్రి ఓడలో పడుకోబోతే తెలుస్తుంది. పొడుగు చేతుల బిగుతు చొక్కా, పొడుగు ప్యాంటు అన్ని క్రీముల కంటే మేలు, పగడానికీ హాని లేదు.

పగడం గీరుకుంటే చిన్న గాయమే అని వదలొద్దు. లోపల సన్నటి ముక్కలు ఉండిపోయి వారాల తరబడి మానదు. మంచినీళ్ళతో, సబ్బుతో బాగా కడిగి, ముక్కలు తీసేసి, యాంటీసెప్టిక్ రాయాలి. షుగరు ఉన్నవాళ్ళు రబ్బరు బూట్లు లేకుండా నీళ్ళలో దిగొద్దు.

స్కూబా (గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ లోపలికి దిగడం) చేసేవాళ్ళకు: జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంటే ఆ రోజు వద్దు. ఆస్తమా, గుండె జబ్బు ఉంటే ముందే డాక్టరు మాట తీసుకోవాలి. దిగేటప్పుడు ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊది చెవులు తెరవాలి, నొప్పి మొదలయ్యాక కాదు, ముందే, ప్రతి మీటరుకూ. మొదటి నాలుగైదు మీటర్లలోనే చెవి మీద ఒత్తిడి తేడా ఎక్కువ. కొచ్చి నుంచి విమానంలో ఇంటికి తిరిగి వచ్చేవాళ్ళు డైవింగుకూ విమానానికీ మధ్య 18 గంటలు ఉంచుకోండి.

ఎన్ఐటీ గట్టు:
నీళ్ళ పొదుపు గురించి చెప్పాలి. మన దగ్గర కాకతీయుల నుంచీ చెరువు కింద చెరువు ఉంది. అక్కడ చెరువు లేదు, వాగు లేదు. వాన నీళ్ళు ఇసుకలోకి ఇంకి, కింద ఉప్పు నీళ్ళ మీద పలుచటి పొరగా తేలుతాయి. ఎక్కువ తోడితే ఉప్పు పైకి వస్తుంది. ఈత అయ్యాక ఒక బకెట్టుతో సరిపెట్టుకోండి.

పిల్లలు సైన్సు చదివే వయసు కాబట్టి కవరత్తిలో 2005లో పెట్టిన మంచినీటి ప్లాంటు గురించి చెప్పండి. దాదాపు 350 మీటర్ల లోతు నుంచి చల్లటి సముద్రపు నీళ్ళు తోడతారు. పైన వెచ్చటి నీళ్ళను గాలి తీసేసిన గదిలోకి వదిలితే మంట పెట్టకుండానే ఆవిరవుతాయి. ఆ ఆవిరిని చల్లటి నీళ్ళ గొట్టాలకు తగిలిస్తే మంచినీళ్ళు కారుతాయి. రోజుకు లక్ష లీటర్ల ప్లాంటు. ఒడ్డుకు అంత దగ్గరలో అంత లోతు దొరకబట్టే అది సాధ్యమైంది.

పాకాల గాలి:
పర్మిటు, సామాను సంగతి?

మానేరు తీరం:
పర్మిటు లేకుండా భారతీయులు కూడా దిగలేరు. 1967 నాటి నియమాలు. ప్యాకేజీ తీసుకుంటే అది ఏర్పాటు చేసేవాళ్ళే దరఖాస్తు నడిపిస్తారు, మీరు గుర్తింపు కార్డు, ఫొటోలు సమయానికి ఇవ్వాలి. దరఖాస్తులో పేరు ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు ఉంటే ఆగిపోతుంది. మన దగ్గర ఇంటి పేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటుంది కదా, అది సరిచూసుకోండి.

కొచ్చిలో విల్లింగ్డన్ ఐలాండ్ దగ్గర సామాను స్కానింగు అయ్యాకే ఓడ ఎక్కనిస్తారు. మందు సీసా వద్దు, దీవుల్లో మద్యనిషేధం ఉంది. నగదు చిన్న నోట్లలో తీసుకుపోండి. కొచ్చి నుంచి సముద్రం అడుగున వేసిన కేబులు 2024 జనవరిలో మొదలైంది, దీవి మీద నెట్ పర్వాలేదు. నడిసముద్రంలో మాత్రం ఉండదు, ఇంటికి ముందే చెప్పండి. ఊళ్ళోకి నడిచేటప్పుడు ఒళ్ళు కప్పుకునే బట్టలు, మసీదుల దగ్గర నెమ్మది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ దుకాణాలు మూసి ఉంటాయి. ఆడవాళ్ళ ఫొటోలు అడగకుండా తీయొద్దు.

ఒడ్డున పడి ఉన్నదైనా సరే, పగడం ముక్క సంచిలో వేసుకోవద్దు. పిల్లలు తప్పకుండా ఏరుతారు, జేబులు చూడండి. వన్యప్రాణి చట్టం కింద నేరం. కొనాలనుకుంటే కొబ్బరి హల్వా కొనండి, చేపలు తినేవాళ్ళు మినికాయ్ ఎండు ట్యూనా కొనండి. దాన్ని మాస్ అంటారు. రెండు కవర్లలో కట్టి, మూతున్న డబ్బాలో పెట్టకపోతే రైలు బోగీ అంతా వాసన.

పాకాల గాలి:
ఆఖరుకు ఒక్కటి. బాపు అసలు దిగగలుగుతడా?

కాజీపేట క్యాబిన్:
ఇంట్లనే చూసుకోవచ్చు తమ్మీ. అడుగున్నర ఎత్తు అరుగు మీద నిలబడి, ఇద్దరు చెరోపక్క ముంజేయి పట్టుకుంటె, ఒక్క కాలు మీద బరువు వేసి కిందికి దిగి, మళ్ళ అట్లనే పైకి ఎక్కగలుగుతడా చూడు. వరుసగ ఐదుసార్లు నొప్పి లేకుండ అయితె దిగొచ్చు. దిగుడు కంటె సాయంత్రం బోటు నుంచి ఓడలకు ఎక్కుడు కష్టం, అప్పటికి కాళ్ళు అలిసి ఉంటయి. అందుకే సాయంత్రం ఆయనను మొదటి బోటులనే పంపియ్యి, ఆఖరుకు గాలి లేస్తె అల పెరుగుతది.

కాకపోతె మూడు దీవులు దిగాలని ఏం లేదు. కవరత్తి ఒక్కటి దించి, మిగతా రెండు పూటలు ఓడల ఉండనియ్యి. సిబ్బందికి పొద్దున్నే చెప్తె భోజనం ఓడలనే పెడుతరా అన్నది ఎక్కిన దినమే అడిగి పెట్టుకో. మోకాలి పట్టీ పెట్టుకునేటట్టయితె లైఫ్ జాకెట్ కట్టక ముందే పెట్టించు, తర్వాత వంగరాదు.